వాలిన గుర్తు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. ముందు గదిలో మంచం మీద అత్తగారు, మూడు దిళ్ళ మీద ఒరిగి, వచ్చేదెవరో పోయేదెవరో తనకు తెలియకుండా జరగకూడదన్నట్టు గుమ్మానికి ఎదురుగా. ఆవిడ కాళ్ళ దగ్గర కుర్చీలో ఆడపడుచు, తమ్ముడి భార్యకి కంటి ఆపరేషన్ అయిందని సాయానికి వచ్చి, వచ్చిన మర్నాటి నుంచీ తన నడుం నొప్పికే సాయం కావాలన్నట్టు కూర్చున్న మనిషి. స్నానాల గదిలో ఆయన, గొంతెత్తి పాడుకుంటూ. నాలుగో మనిషి వంటింట్లో గిన్నెలు తోముతోంది. ఇంట్లో ఎంతమందని ఎవరైనా గుమ్మంలో నిలబడి అడిగితే అత్తగారు ముగ్గురమనే చెప్పేది. అబద్ధం ఆడాలని కాదు, ఆ నాలుగో మనిషి ఆవిడ లెక్కలో ఎప్పుడూ తట్టదు కాబట్టి.

ఆ నాలుగో మనిషిని బజారులో సూదమ్మ అంటారు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపాయన పెట్టిన పేరది. పురుగు కొట్టిన శాలువాకో, నిప్పురవ్వ పడి కాలిన కోటుకో రఫ్ఫు చెయ్యాలంటే ఆయన ఇరవై రెండేళ్ళుగా ఆమెకే పంపిస్తున్నాడు. రఫ్ఫు అంటే అతుకు వెయ్యడం కాదు. ఆ బట్ట లోపలి మడతలోంచే, ఎవరికీ కనపడని చోటు నుంచి ఒక్కో పోగూ లాగి, ఆ పోగుతోనే చిరుగు మీద మళ్ళీ నెయ్యాలి. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. అయ్యాక వేలితో తడిమినా దొరక్కూడదు. "సూదమ్మ చేసిన చోటు చూపించండి, నేను షాపు మూసేసుకుంటాను" అని ఆయన వచ్చినవాళ్ళతో పందెం వేసేవాడు. షాపు ఇంకా తెరిచే ఉంది. ఇంట్లో మాత్రం ఆ పనికి పేరు లేదు. "ఏదో గుచ్చుకుంటూ కూర్చుంటుంది" అంటారు.

ఇంతకాలం ఆ పని ఒక్క కంటితోనే నడిచింది. ఎడమ కన్ను చిన్నప్పుడు జ్వరంలో పోయింది. దానికి వెలుగూ చీకటీ తప్ప తెలియదు. ఉన్న కుడి కంటికి శుక్లం వచ్చింది, తీయించి ఇరవై తొమ్మిది రోజులైంది.

ముందు గదిలో అరమీద ఆయన ఫోను మోగింది. అత్తగారికీ ఆడపడుచుకీ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది.

"అమ్మాయ్, ఫోను!" అంది అత్తగారు.

"వినపడ్డం లేదా, ఫోనట!" అంది ఆడపడుచు, సాయం చేసినట్టు.

సూదమ్మ సబ్బు చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని వచ్చింది. తెర మీద పేరు వెలుగుతోంది. ఒక్కో అక్షరం పక్కన, కాస్త కిందుగా, అదే అక్షరం పలచగా ఇంకోటి. రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కలిసిపోయి ఏదీ చదవనివ్వడం లేదు. నెల రోజులుగా లోకమంతా అలాగే ఉంది. పచ్చరంగు చూసి నొక్కింది.

"అయ్యగారున్నారామ్మా? కంటాసుపత్రి నుంచి."

"స్నానం చేస్తున్నారు. నేను ఆయన భార్యని."

"అంటే... కన్ను మీదేనా?"

"కన్ను నాదే" అంది సూదమ్మ. ఆ మాట తన నోట కొత్తగా వినిపించి చుట్టూ చూసింది. ఆడపడుచు కాలి గోళ్ళు చూసుకుంటోంది.

"నేనమ్మా, ఆపరేషన్ ముందు మీ కన్ను కొలిచిన పిల్లని. రేపటితో నెల నిండిపోతుంది. రేపు తప్పితే డాక్టరుగారు కూడా ఊళ్ళో ఉండరు. ఆఖరిసారి ఒక మాట అడుగుదామని నా అంతట నేనే చేశాను. మీరు వద్దన్నారని కాగితంలో ఉంది. నిజంగానే వద్దంటారా?"

"నేను ఏది వద్దన్నాను?"

వెనక ఎవరో బల్ల మీద ఏదో పెట్టిన చప్పుడు. తర్వాత ఆ పిల్ల గొంతు తగ్గించి, గబగబా కాకుండా ఒక్కోటీ విడదీసి చెప్పింది. సూదమ్మ కంటిగుడ్డు ముందుభాగం అందరికీ ఉన్నట్టు బంతిలా గుండ్రంగా లేదు, ఒకవైపు నొక్కినట్టు కోడిగుడ్డులా ఉంది. అందుకని ఆ వంపుకి సరిపోయే లెన్సు పెట్టారు. అలాంటి లెన్సు లోపల ఒకే కోణంలో కూర్చోవాలి. గడియారంలో ముల్లు పన్నెండు మీద ఉండాలనుకోండి, మీది పన్నెండు దాటి ఒంటిగంట వైపు వాలి ఉంది. అందుకే ఏది చూసినా పక్కన రెండోది. వారానికి వచ్చి చూపించుకున్నప్పుడే తెలిసింది. లోపలికి వెళ్ళి లెన్సుని మెల్లగా తిప్పితే చాలు, పది నిమిషాల పని. కానీ నెల లోపలే. లెన్సుని పట్టుకున్న సంచిలాంటి పొర రోజురోజుకీ దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఆ తర్వాత తిప్పాలంటే చింపాల్సి వస్తుంది, ఉన్న చూపుకే ప్రమాదం.

"మీ వారికి డాక్టరుగారు ఇదంతా చెప్పారమ్మా. ఆలోచించుకుంటామన్నారు. మర్నాడొచ్చి వద్దని సంతకం పెట్టి వెళ్ళారు."

"మరి నా కంటి పక్కన నల్లగా..."

"చెవి వైపు గోరుముక్కలా నల్లటి వంపు కదా? అది వేరు. లెన్సు అంచు నీడ. చాలామందికి దానంతట అదే పోతుంది. ఈ రెండోది మాత్రం పోదు. అలవాటవ్వదు." ఆ పిల్ల గొంతు ఇంకా తగ్గించింది. "కొంత తప్పు నాదేనమ్మా. ఆపరేషన్ ముందు కూర్చోబెట్టి కంటి మీద సిరాతో గుర్తు పెట్టానే, అప్పుడు మీ తల కాస్త పక్కకి వాలినట్టుంది. నేను చూసుకోలేదు. బయట ముప్ఫై మంది ఉన్నారు."

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. పాట కూడా.

"రేపు ఎన్నింటికి?" అంది సూదమ్మ.

"ఎనిమిదిన్నరకి. కార్డు తెచ్చుకోండి. తోడు ఎవరూ రాకపోయినా పరవాలేదు, సంతకం మీరు పెట్టొచ్చు. మీ కన్నే కదా."

ఫోను అరమీద పెట్టేసింది. "ఎవరే?" అంది అత్తగారు. "ఎవరో, తప్పు నంబరు" అంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడతో ఆడిన మొదటి అబద్ధం కాదు గానీ, ఇంత సులువుగా వచ్చింది ఇదొక్కటే. ఆడపడుచు తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ కాలిగోళ్ళ మీదికి వంగింది.

గిన్నెల దగ్గరికి తిరిగి వెళ్ళినా సూదమ్మ చేతులు కదల్లేదు. తల వాలడం! ఆ పిల్ల చూసుకోలేదు, పాపం. చూసుకోవడానికి అదేమైనా ఆ ఒక్కరోజు సంగతా? పెళ్ళయిన కొత్తలో ఎవరో పక్కింటావిడ "ఏ ఊరమ్మా మీది?" అని అడిగితే నోరు తెరిచేలోపే ఆయన చెప్పేశాడు. ఆ తర్వాత ఎవరేది అడిగినా ఆయనే చెప్పేవాడు. బళ్ళో గుమస్తా కదా, అందరి కాగితాలూ నింపే అలవాటు, మనుషుల్ని కూడా అలాగే నింపేస్తాడు. వయసెంత, ఒంట్లో ఎలా ఉంది, ఆకలేస్తోందా, అన్నీ ఆయనే. ఆయన ఎప్పుడూ ఆమెకి ఎడమవైపు నిలబడతాడు, అటు కన్ను లేదు కాబట్టి ఆయన ముఖం చూడాలంటే తల బాగా అటు వాల్చాలి. వాలి వాలి ఆ మెడ అలాగే తయారైంది. ప్రశ్న వినపడితే చాలు, జవాబు ఎటువైపు ఉందో అటు ఒరిగిపోతుంది.

ఆ రోజు ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టారు. "కదలకండమ్మా, నిటారుగా చూడండి" అంది ఆ పిల్ల, సిరా ముంచిన సన్నటి పుల్ల కంటి దగ్గరికి తెస్తూ. మంచి పిల్ల. భయం పోగొట్టడానికి ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, అడిగింది: "మీరేం పని చేస్తారమ్మా?"

జవాబు సూదమ్మ దగ్గర ఉంది. నాలుక చివర ఉంది. కానీ తల అప్పటికే ఎడమకి ఒరిగింది. ఆయన నవ్వి చెప్పాడు: "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది."

ఆ మాట మీదే కంటికి చల్లగా తగిలింది సిరా.

సూదమ్మ గిన్నె కింద పెట్టి కుళాయి కట్టేసింది. కత్తి పట్టిన డాక్టరు ఆ గుర్తు చూసే లెన్సు నిలబెట్టాడు. అంటే తన కంట్లో ఉన్నది లెన్సు కాదు, ఆ మాట. ఏమీ చెయ్యదండీ. దాన్నే సరిగ్గా కొలిచి, లోపల పెట్టి, మూసేశారు. ఇప్పుడది అక్కడ ఉండి ఉండి అతుక్కుంటోంది. పాలు కాచినంతసేపు, అత్తగారి కాళ్ళు ఒత్తినంతసేపు, ఈ గిన్నెలు తోమినంతసేపు, గంట గంటకీ కాస్త కాస్త బిగుస్తోంది.

పట్టీ విప్పిన మొదటి ఉదయం గుర్తొచ్చింది. ఎంత వెలుగు! ఆయన చొక్కా ఇంత తెల్లగా ఉంటుందని మర్చిపోయింది. ఏడ్చింది కూడా. వెలుగు చూస్తూ చూస్తూ ఉంటే దాంట్లో ఏదో తేడా ఉందని మెల్లగా తెలిసింది. దీపం చుట్టూ చీపురుపుల్లల్లాంటి గీతలు, అన్నీ ఒకే వైపు వాలి. గడియారానికి నాలుగు ముళ్ళు. పగటిపూట చెవి వైపు ఎవరో నల్లటి బట్టలతో వచ్చి నిలబడినట్టుండేది, తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. సూది పట్టుకుంటే దానికి రెండు కన్నాలు. దారం ఓ పట్టాన దేంట్లోకీ వెళ్ళేది కాదు. వెళ్ళి ఆయనతో చెబితే, "కొత్త కన్ను కదే, నీకు ఇంకా వాడటం రాలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. వారానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కంటిలో మందు వేసి ఆమెని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. డాక్టరు లోపలికి ఆయన్నే పిలిచాడు. పిలవడం కూడా అక్కర్లేదు, ఆయనే లేచి వెళ్ళాడు. బయటికొచ్చి, "అంతా బ్రహ్మాండంగా ఉందట. ఆ నీడలూ అవీ అలవాటైపోతాయట" అన్నాడు. నీడ గురించి డాక్టరు చెప్పిన మాట తెచ్చాడు, రెండోదాని గురించి చెప్పిన మాట లోపలే వదిలేశాడు. ఆమె ఆ మాట నమ్ముకుని రోజూ ఎదురు చూసింది, తప్పు తన చూపుదే అనుకుని, కళ్ళు చికిలించి చికిలించి తలనొప్పి తెచ్చుకుని.

పది రోజుల కిందట షాపాయన ఒక కోటు తిప్పి ఇచ్చేశాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. కోపంగా కాదు, స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడి, ఏదో చావు కబురు చెప్పినట్టు చెప్పాడు. "సూదమ్మా, ఇది నువ్వే చేశావా?" భుజం దగ్గర పోగులు దారి తప్పి ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడతపడి ఉన్నాయి. వేలితో తడమక్కర్లేదు, వీధి అవతల నుంచి కనిపిస్తుంది. "విశ్రాంతి తీసుకో, కన్ను కుదుటపడ్డాక చూద్దాం" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకేదీ పంపలేదు. "పోనీలే, పీడా వదిలింది" అంది అత్తగారు మంచం మీద నుంచి. సూదమ్మకి ఆ కోటు కలల్లోకి కూడా రాలేదు. ఎందుకంటే నిద్రే లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆయన రెండోసారి వడ్డించుకున్నాక అడిగింది. నిలబడే అడిగింది, వాళ్ళు తింటుండగా ఆమె ఎప్పుడూ నిలబడే ఉంటుంది.

"నా కన్ను మళ్ళీ సరిచేస్తామంటే మీరు వద్దన్నారట."

ఆయన చెయ్యి కంచంలో ఆగలేదు. "ఎవరు చెప్పారు?"

"ఆసుపత్రి వాళ్ళు."

"ఓహో. పొద్దున తప్పు నంబరు అదేనా?" అన్నాడు తల్లి వైపు చూసి నవ్వుతూ. వినేశాడన్నమాట స్నానాల గదిలోంచి. పాట అందుకే ఆగింది. "చూశావా అమ్మా, ఇప్పుడు నాకు తెలియకుండా మంతనాలు కూడా."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఏం చేసేదానివి? భయపడేదానివి. నీ మంచికే చెప్పలేదు. మళ్ళీ కంట్లో కత్తి పెట్టించుకుంటావా? ఉన్నదీ పోతే? వాళ్ళకేం, చేతి దురద. అయినా ఇప్పుడు లోటేముంది నీకు? గిన్నెలు కనిపిస్తున్నాయి, పొయ్యి కనిపిస్తోంది, అమ్మ మందు సీసాలు కనిపిస్తున్నాయి. వంటకి సరిపోతోందిగా చూపు!"

వంటకి సరిపోతోందిగా. ఆపరేషన్ ఎందుకు చేయించారో సూదమ్మకి అప్పుడు తెలిసింది. పప్పులో రాళ్ళు వచ్చాయి, అత్తగారికి పొద్దుటి మాత్ర సాయంత్రం వేసింది, పాలు పొంగినా చూసుకోలేదు. ఆ వారంలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎంత ప్రేమ అనుకుంది అప్పుడు. ఇల్లు కారితే పెంకు మార్చినట్టు మార్పించారు. ఇప్పుడు కారడం లేదు, ఇంకెందుకు పైకెక్కడం?

"మొన్నటి పది రోజులు మేం పడింది చాలదూ?" అంది అత్తగారు. "వంగకూడదంట, బరువెత్తకూడదంట, పొయ్యి దగ్గరికెళ్ళకూడదంట. మహారాణి! నన్ను లేపి కూర్చోబెట్టే దిక్కు లేక నా వీపు పుండు పడింది."

"నాకు మాత్రం ఇంకో పది రోజులు చెయ్యడం కుదరదమ్మోయ్" అంది ఆడపడుచు. "నా నడుం ఎవరిదనుకున్నారు?"

మూడో రోజునే అత్తగారిని లేపి కూర్చోబెట్టింది సూదమ్మే. వంగకుండా, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో కంటి మీది అద్దం పట్టుకుని. ఆ సంగతి అక్కడ ఎవరికీ గుర్తు లేదు.

"నాకు సూది కనిపించడం లేదండీ" అంది.

"సూదేమిటే?" అన్నాడాయన నిజంగానే అర్థం కానట్టు. తర్వాత అర్థమై, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "ఇంకా ఎన్నాళ్ళు గుచ్చుకుంటావు? మానేసి హాయిగా ఉండు. ఎవరడిగారు నిన్ను?" చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ, మామూలు గొంతుతోనే అన్నాడు: "కార్డు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎల్లుండి తర్వాత కావాలంటే తీసుకుని చూసుకో. ఒక్కదానివీ పోదామనుకుంటావేమో, బస్సు నంబరు కూడా రెండుగా కనిపించేదానివి. ఏ చక్రం కింద పడతావో. అప్పుడు నన్నే కదా అంటారు జనం."

అరిచి ఉంటే భయం వేసేది కాదు. ఆయన జీవితంలో ఎప్పుడూ అరవలేదు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద రెండుసార్లు తట్టి, బడికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తుంటే ఆడపడుచు వచ్చి మెట్టు మీద కూర్చుంది. నడుం నొప్పి మనిషి అంత దూరం నడిచి రావడమే వింత. వెలుగు తగ్గుతోంది. తీగ మీద ప్రతి బట్టకీ ఒక పలచటి తోబుట్టువు వేలాడుతోంది. సూదమ్మ ఒకటి పట్టుకోబోయి గాలిని పట్టుకుంది.

"సూదమ్మా" అంది ఆడపడుచు. ఆవిడ ఆ పేరు ఎప్పుడు పలికినా వెక్కిరింతకే. ఇప్పుడు అలా లేదు. "ఈ చెయ్యి చూడు."

కుడి మణికట్టు. ఎముక పక్కకి పొడుచుకొచ్చి ఉంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే, పుట్టుకతో వచ్చిందేమో అనుకుంది సూదమ్మ.

"మా పెద్దాడు కడుపులో ఉండగా జారిపడ్డాను. కట్టు వంకరగా కట్టారు. విప్పి మళ్ళీ కట్టాలి, వారంలో తీసుకురండి అన్నార్ట. మీ అన్నయ్యగారు వద్దన్నార్ట. నాకెప్పుడు చెప్పారో తెలుసా? ఎముక అతుక్కున్నాక. అదీ నవ్వుతూ, 'దీంతోనే ఇన్ని బిందెలు మోస్తోంది చూడండి' అని చుట్టాలకి చెబుతుంటే వినపడింది." ఆవిడ చెయ్యి పైట కింద దాచుకుంది. "ముప్ఫై రెండేళ్ళు. చలికాలం వస్తే పళ్ళు బిగించుకుని పడుకుంటాను. నడుం అని చెప్తాను. నడుమైతే ఎవరూ ఏమీ అనరు."

సూదమ్మ బట్టలు గుండెకి అదుముకుని నిలబడిపోయింది. "నేనేం చెయ్యను వదినా?"

వెంటనే ఆవిడ ముఖం మళ్ళీ పాత ముఖమైపోయింది. "నన్నడుగుతావేం? నేను చెప్పానని రేపు వాడితో అనడానికా? నువ్వెళ్తే అమ్మని ఎవరు లేపుతారు? నా వల్ల మాత్రం కాదు, ముందే చెప్తున్నాను." లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని, మూలుగుతూ లోపలికి వెళ్ళింది. అత్తగారి గొంతు వినిపించింది: "ఏమిటే దానితో రహస్యాలు?" "రహస్యాలా పాడా, నా రైక ఎక్కడుందో అడిగాను" అంది ఆడపడుచు.

తెల్లవారింది. ముప్ఫయ్యో రోజు. రోజూ లాగే అందరికంటే ముందు లేచింది సూదమ్మ. అలవాటుగా చేతులు పొయ్యి మీదికి వెళ్ళాయి. అగ్గిపుల్ల గీసింది. మంట చుట్టూ వాలిన గీతలు, అన్నీ ఒంటిగంట వైపు. నిన్నటికంటే కాస్త గట్టిగా, కాస్త స్థిరంగా ఉన్నట్టు అనిపించింది, నిజమో భయమో తెలియదు. లోపల ఆ పొర ఇంకెన్ని గంటలు ఆగుతుందో కూడా తెలియదు. ఇప్పటికే ఆలస్యమైందేమో. వెళ్ళి పడుకున్నాక, డాక్టరు చూసి, అయ్యో ఒక్క రోజు ముందొచ్చి ఉంటే అంటాడేమో. వెళితే కన్ను పోవచ్చు. వెళ్ళకపోతే కన్ను ఉంటుంది, ఈ గోడల మధ్య తిరగడానికి సరిపడా, చచ్చేదాకా. ఇంకొకళ్ళ కోసం కొలిచి ఇచ్చిన చూపు. పుల్ల వేలిదాకా కాలింది. ఊదేసింది. పొయ్యి వెలిగించలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంట్లో మనుషులు లేచేసరికి టీ లేని ఉదయం అదే.

స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీ తీసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి ఆయన గుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. అది ఆ కుర్చీ చోటు కాదు.

"టీ ఏది?"

"పెట్టలేదు."

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి."

ఆయన పేపరు మడిచాడు. నాలుగు మడతలు, అంచులు కలిపి, నిదానంగా. "కార్డు లేకుండా ఎవరు రానిస్తారు నిన్ను?"

"కార్డు లేకపోతే కన్ను చూపిస్తానండీ. అది నా దగ్గరే ఉంది."

అత్తగారు దిళ్ళ మీద నుంచి లేవబోయి కూలబడింది. "విన్నావుట్రా! మాటలు చూడు! అమ్మాయ్, నన్నెవరు లేపుతారే? మంచంలోనే పాడు చేసుకోనా?"

సూదమ్మ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ గొంతుకి ఆ కాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా ఆగుతూనే ఉన్నాయి. "మీ అబ్బాయి ఉన్నారు అత్తయ్యా. మీ అమ్మాయి ఉన్నారు" అంది. అని చెప్పులు వేసుకుంది. రెండు జతల్లా కనిపించాయి, కాలితో తడిమి నిజమైనవి పట్టుకుంది.

ఆయన లేవలేదు, అడ్డం రాలేదు. కాళ్ళు మాత్రం కాస్త చాపాడు, దాటి వెళ్ళాల్సి వచ్చేలా. "వెళ్ళు" అన్నాడు. "నేను ఆపానని ఎవరూ అనకూడదు. కాకపోతే కంటికి గంత కట్టుకుని సాయంత్రం తిరిగొస్తావే, అప్పుడు ఈ తలుపు ఎవరు తీస్తారో కూడా ఇప్పుడే ఆలోచించుకుని వెళ్ళు."

సూదమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఎక్కడుంటుంది, ఎవరు చుక్కల మందు వేస్తారు, ఏమీ తెలియలేదు. షాపాయన ఇస్త్రీ బల్ల పక్కన బట్టల మూటలు పెట్టే చిన్న గది ఒకటి గుర్తొచ్చింది. అంతే. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఆయన కాళ్ళు దాటింది.

అప్పుడు లేచింది ఆడపడుచు. కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచింది. "ఒసే, నీకు సిగ్గుందా!" అంటూ గుమ్మం దాకా వచ్చేసింది. అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "ముసలిదాన్ని, మొగుణ్ణీ గాలికి వదిలేసి ఊరేగుతావా! పో! పోయేదానివి పోక ఇంకా గుమ్మంలో నిలబడతావేం!" రెండు చేతులతోనూ సూదమ్మ భుజం పట్టుకుని బయటికి తోసింది. ఆ తోపులో సూదమ్మ చేతిసంచీలోకి గట్టిగా ఏదో దిగింది. అట్టముక్క. మూలలు నలిగి, ఇంకా వెచ్చగా, రాత్రంతా ఎవరి ఒంటికో ఆనుకుని ఉన్నట్టు. ఆసుపత్రి కార్డు. బీరువా రెండో తాళంచెవి అత్తగారి దిండు కింద ఉంటుంది, దాన్ని తీసే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికీ లేదనే ఇన్నాళ్ళూ అనుకుంది సూదమ్మ.

తలెత్తి చూసింది. మెట్టు మీద ఒక వదిన, ఆ పక్కన కాస్త కిందుగా పలచగా ఇంకో వదిన, ఇద్దరి పెదవులూ వణుకుతున్నాయి.

లోపల కుర్చీ కిర్రుమంది. ఆయన లేచాడు. "అక్కా" అన్నాడు, అరవకుండానే. "దాని చేతిలో ఏం పెట్టావు?"

"శని పట్టింది, సాగనంపుతున్నాను లేరా!" అంది వదిన వెనక్కి తిరక్కుండా, సూదమ్మ ముఖం మీదే తలుపు వేసేసి, లోపల గడియ పెట్టింది.